కెమిస్ట్రీ ల్యాబ్ వెనక కాలువ

పరువు పోయిందా? ఎవరి పరువు బావగారూ? ఆ తలుపు వెయ్యండి ముందు, బయట క్లర్కులు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. వద్దులెండి, తెరిచే ఉంచండి. విననీండి!

ఇంతకీ నన్ను పిలిపించింది అక్క మొగుడా, డీన్‌గారా? ఇద్దరూనా! సరే, ఇద్దరికీ కలిపే చెప్తాను.

విదేశీ యూనివర్సిటీతో కలిసి సుస్థిర అభివృద్ధి పాఠం చెప్పమన్నదెవరు? మీరే కదా. వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ తెరమీద ఒకర్నొకరు చూసుకుంటూ నేర్చుకోవాలన్నారు. నేర్చుకున్నారు మరి!

అక్కడి మాస్టారు ఏమడిగాడనీ? 'మీ క్యాంపస్‌లో వాడిన నీళ్ళు ఎటు పోతాయి?' అన్నాడు, అంతే. మనవాళ్ళు తలో దిక్కూ చూపించారు. నాకు మాత్రం తెలుసా ఏమిటి?

పదండ్రా చూద్దాం అని, క్లాసు నడుస్తుండగానే, తెరమీద వాళ్ళకీ కనిపించేలా ఓ అమ్మాయి ఫోను పట్టుకుని కెమిస్ట్రీ ల్యాబ్ వెనక్కి వెళ్ళాం. పిట్టగోడ అవతల పైపు. పైపులోంచి పచ్చటి నురగ, నేరుగా కాలువలోకి. ఆ కాలువలోనే కాస్త దిగువన ఒకావిడ దుప్పట్లు ఉతుకుతోంది. మేం ముక్కులు మూసుకున్నాం. ఆవిడ మూసుకోలేదు. అలవాటైపోయిందట!

నవ్వుతారనుకున్నాను బావగారూ. అటువైపు ఒక్కరు నవ్వితే ఒట్టు. ఆ మాస్టారయితే 'మా నీళ్ళ సంగతేమిటో మేమూ చూస్తాం' అన్నాడు. చూశారు కూడా. వాళ్ళ పైపు భూమిలో పూడ్చి ఉంది, అంతే తేడా. పోయి నదిలో కలుస్తోంది.

ఆ ముక్క అక్కడి యూనివర్సిటీవాళ్ళు మీకు చెప్పలేదా? ఎందుకు చెప్తారు! ఆ మాస్టార్ని కోర్సులోంచి తప్పించేశారు. నాకు ఫోన్ చేసి ఆ కబురు చెప్తూ కూడా, 'మీ పిల్లల్ని ఎవరూ ఏమీ అనలేదు కదా?' అని అడిగాడు పాపం. 

ఏమిటీ? మేం చూపించింది అదేదో పాత వీడియో అనీ, పిల్లలు తొందరపడ్డారనీ రేపు క్లాసులో నా నోటితో నేను చెప్పాలా? లేకపోతే ఆ ఫోను తాలూకు అమ్మాయిని హాస్టల్లోంచి పంపించేస్తారా?

చెప్పను. నాన్న పోయాక నన్ను చదివించింది మీరే, కాదన్నానా? మీ ఇంట్లో మీరేం చెప్పినా తల వంచుకుని వింటాను. క్లాసులో మాత్రం వినను.

ఇంకో మాట. ఫోను ఆ అమ్మాయిదే గానీ, వాసనకి కళ్ళు తిరిగి అది వెనకే కూర్చుండిపోయింది. దాని చేతిలోంచి లాక్కుని, చీర ఎగ్గట్టి గోడ దూకింది నేను. 'చూడండి, ఇది మా ల్యాబ్ నీళ్ళే' అన్న గొంతు నాదే. చిన్నప్పట్నించీ వింటున్నారు, గుర్తుపట్టలేదా బావగారూ?

గుర్తుపట్టారు! మరి ఆ పిల్లనెందుకు అంటున్నారు?

పంపిస్తే నన్ను పంపించండి. కాకపోతే, ఆ సంగతి అక్కకి మీరు చెప్తారా, నన్నే చెప్పమంటారా?