పీరు రాని పూట చెప్పిన మాట

కూర్చోమ్మా. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి. ఈడ అరుగు మింద కూర్చో. ఎవురి గురించి, చంద్రకాంతమ్మ మేడం గురించా? నువ్వు మునిప్రసాదు కూతురివి కాబట్టి చెప్తాండా. వేరేవాళ్లొచ్చి అడిగింటే తలనొప్పి అని ముసుగు పెట్టుకోనుందును. మీ నాయన తిరుపతి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, నేను అదే డిపార్టుమెంటులో అటెండరు, ఇరవై ఆరేండ్లు ఒకే కూజాలో నీళ్లు తాగినాము. ఇప్పుడు నువ్వు అదే రూములో పాఠం చెప్పేదానికి పోతాండావు. బయటి దేశాల పిలకాయలకి సీమ చరిత్ర, ఇస్లాము. మళ్లీ తెరిచినారా ఆ కోర్సు? మేడం కాలం చేసినాక చెప్పేవాళ్లు లేరని మూసేసినారు. పన్నెండేండ్లయింది. రూపశ్రీ గదా నీ పేరు? ఆ, రూపశ్రీ. మీ నాయనకు షుగరు ఎట్లుండాది? కాఫీలో చక్కెర మానుకోమని చెప్పు, నా మాట వినడు.

మేడం అంటే, ఎట్లా చెప్పేది. చిత్తూరులో వాళ్లది బెల్లం మండీ. శెట్టిగారి బిడ్డ. మండీలో లెక్కలు రాసే సాయిబు ఒకాయన ఉండినాడంట, ఈయమ్మ చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చోని కుడి నుంచి ఎడమకు రాసేది నేర్చుకునిందంట. పెద్దదై అదే చదివింది, హైదరాబాదు పోయి చదివింది. వాళ్లింట్లోవాళ్లకే అర్థం కాలేదు. మాకూ అర్థం కాలేదు. మీ నాయనే అడిగినాడు ఒగ దినం, "మేడం, మీరు శెట్లు గదా, సాయిబుల పాఠం మీరు చెప్పేదేంది" అని. ఆయమ్మ కళ్లజోడు తీసి తుడుస్తా, "మునిప్రసాదూ, నువ్వు కలెక్టరువి కాదు గదా, కలెక్టరాఫీసుకు జాబులు రాయడం లేదా" అనింది. అదేం జవాబో నాకు ఇప్పటికీ తెలీదు. మీ నాయన మాత్రం తలాడించి జాబులు రాసేదానికి పోయినాడు. మేడం పొద్దున వస్తానే నాతో అనేది, "తిరుమలయ్యా, కిటికీలు తెరువు, పాత కాగితాలకు గాలి తగలాల." ఎండాకాలం వడగాలిలో కూడా తెరిపించేది.

యాడున్నాను? ఆ, పిలకాయలు. ఆ ఏడు ఎనిమిది మంది వచ్చినారు. జర్మనీవాళ్లు ఇద్దరు, ఇండోనేషియా పాప ఒకటి, ఎప్పుడూ నవ్వుతా ఉండేది. మారిషసు నుంచి ఒకడు, వాళ్ల ముత్తాతది మన పక్కే అంట, తెలుగులో 'అవ్వ' అనే మాట ఒక్కటే వచ్చు, నన్ను చూసినా అవ్వా అనేవాడు. సూడాన్ నుంచి ఇద్రీసు. పొడుగు మనిసి, తలుపులో వంగి వచ్చేవాడు. అయిదు పూట్లా నమాజు. క్లాసులో మేడంతో ఒకటే వాదం. మీ నాయన బయట నిలబడి వాళ్లేమంటాండారో నాకు తెలుగులో చెప్పేవాడు. "మేడం, దేవునికీ మనిసికీ నడాన పీరు ఎందుకు, దానికి గుడ్డలెందుకు, మా మతంలో ఇది లేదు" అనేవాడు వాడు. "ఉండాల్నని నేను చెప్పడంలేదు ఇద్రీసూ, ఉండాదని చెప్తాండా. రాసుకో" అనేది ఈయమ్మ. వాడు రాసుకునేవాడు కాదు. పెన్ను మూసి పెట్టేవాడు.

అప్పుడు నేను చేసిన తప్పేందంటే, నోరు జారి మా ఊర్లో పీర్లు లేచేది చెప్పినా. ఈ ఊర్లో ఒక్క సాయిబుల ఇల్లు లేదమ్మా. ఉండినవాళ్లు మా తాత కాలంలోనే చిత్తూరుకు పోయినారు. పోతా పోతా పీర్ల సావిడి మాకు అప్పజెప్పినారు. పెద్ద పీరు ఎత్తేది మా ఇంటివాళ్లే. మా తాత, మా నాయన, తర్వాత నేను. నుదుట నామం ఉంటాది, చేతిలో పీరు ఉంటాది. మాకు అందులో చిక్కేమీ లేదు, అడిగేవాళ్లు వచ్చిందాకా. పాతేహా దువా చదివేదానికి చిత్తూరు నుంచి ఫకీరు వస్తాడు. పదో దినం పైటాల, నడి ఎండలో, సావిడి ముందర అందరూ నిలబడి అడుగుతారు, వాన వస్తాదా, తప్పిపోయిన ఎద్దు యాడుండాది అని. స్వామి వస్తే ఎత్తినవాని నోట చెప్తాడు. రాకపోతే రాలేదు అని చెప్పి పక్కవాని చేతికి మార్చాల. అదొక్కటే కట్టు. మా నాయన నాకు పీరు ఇచ్చేటప్పుడు వేరే ఏమీ నేర్పలేదు. "రాకుంటే రాలేదను" అని అంతే చెప్పినాడు.

మేడం వింటానే చాకుపీసు కింద పెట్టేసింది. ఆ ఏడు శివరాత్రి అయినాక పది పన్నెండు దినాలకు పీర్లు. ఎనిమిది మందినీ జీపులో కుక్కుకోని వచ్చింది. జీపులోనే చెప్పింది వాళ్లకు, చూడాల, రాయాల, ఎవురూ ఏమీ అడక్కూడదు అని. వచ్చినారా, ఆ దినం ఫకీరు రాలేదు. జ్వరమంట. బెల్లం, పప్పులు తట్టల్లో పెట్టుకోని ఊరంతా నిలబడి ఉండారు, చదివేవాడు లేడు. మా పెద్దమ్మ గంగులమ్మ ఇద్రీసును కిందనుంచి మీదికి చూసింది. "ఈ అబ్బోడు సాయిబే గదా, చదవమను" అనింది. అరబ్బీ పుట్టిన పక్కనుంచి మనిసే దిగొచ్చినాడు, ఇంకేం కావాల అని ఊరంతా పట్టుకునింది. వాడు మేడం మొగం చూసినాడు. ఆయమ్మ మొగం నేలకేసింది. చదవమని అనలేదు, వద్దని అనలేదు. వాడు చెప్పులు అప్పటికే విడిచుండాడు. రెండు చేతులూ ఎత్తి చదివినాడమ్మా. ఫకీరు రెండు నిమిషాల్లో ముగించి బెల్లం మూట కట్టుకునేవాడు. వీడు చదువుతానే ఉండాడు, చదువుతానే ఉండాడు. చూస్తే కండ్లల్లో నీళ్లు. ఊరి పిలకాయలు తట్టలోని పప్పులు తినేదానికి చేయి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

ఇద్రీసు వాళ్ల ఊర్లపక్క కొట్లాటలు, ఇండ్లు తగలబెట్టినారు, నాలుగు నెల్లుగా ఫోను లేదు, జాబు లేదు. వాళ్లమ్మ ఆడ ఉండాది. అదంతా మాకు తర్వాత తెలిసింది. చదివేది అయినాక వాడు నేరుగా నా ముందరికి వచ్చి నిలబడినాడు. ఇంగ్లీషులో ఏదో అడిగినాడు. అడగనే కూడదని వాదం చేసినవాడు, రాసుకోనే రాసుకోనివాడు. మేడం తెలుగులో తిప్పింది. "మా అమ్మ బతికుండాదా అని అడుగుతాండాడు తిరుమలయ్యా."

ఇప్పుడు వినమ్మా, నువ్వు మేడం రాసిన ఆ కాగితాలు తెచ్చినావు కాబట్టి వినాల్సిందే. ఆ పూట స్వామి నా మిందికి రాలేదు. యాడొస్తాడు, నా మనసంతా ఎనిమిది మందికీ అన్నం యాడ పెట్టేది, జర్మనీవాళ్లు సంగటి తింటారా లేదా అనే. రాలేదు అని చెప్పి మా ధనంజయ చేతికి పీరు ఇయ్యాల. ధనంజయ మా అన్న కొడుకు, పక్కనే ఉండాడు, చేయి కూడా చాపినాడు. నేను ఇయ్యలేదు. వాని మొగం చూస్తే రాలేదు అనే మాట నోట్లోంచి రాలేదు. "ఉండాది. గడప మింద కూర్చోనుండాది. చేతిలో నీళ్ల చెంబు ఉండాది. పో" అన్నాను. అది ఎవురనుకున్నావు? మా అమ్మ. నేను తిరుపతి నుంచి శనివారం వస్తే గడప మింద చెంబు పట్టుకోని కూర్చోనుండేది. నాకు తెలిసిన అమ్మ అదొక్కటే, అదే చెప్పినా. వాడు వారానికంతా కోర్సు విడిచి పోయినాడు. కొట్లాటల్లోకి పోయినాడమ్మా, నా మాట మింద.

జీపు ఎక్కేటప్పుడు మేడం అడిగింది. "తిరుమలయ్యా, ఆ మాట ఎవురు చెప్పింది?" నేను చేతులు జోడించి సావిడిపక్క చూపించినా. అంతే. ఆ తర్వాత ఆరు నెల్లు నాకు నిద్ర లేదు. అప్పుడొచ్చింది ఇద్రీసు జాబు. మేడం నన్ను పిలిచి, తలుపు వేసి, చదివి చెప్పింది. వాళ్లమ్మ ఉండాది. ఇల్లు కాలిపోయింది, గడపా లేదు ఏమీ లేదు. యాడో డేరాల్లో, నీళ్లకు లైనులో, రేకు డబ్బా చేతిలో పట్టుకోని కూర్చోనుంటే చూసినాడంట. మేడం నవ్వతా ఏడస్తా ఉండాది. నేను లెక్కేసుకుంటా ఉండా. గడప తప్పు. నీళ్లు సరే. కూర్చోనుండేది సరే. అట్లయితే నేను చెప్పిందెంత, స్వామి చెప్పిందెంత? రాలేదని నేను అనుకునింది తప్పా? నాకు తెలీకుండా వచ్చి పోయినాడా? ఈ ఇరవై రెండేండ్లూ ఇదే. పొలంలో కయ్యకాడ కూర్చున్నా ఇదే.

ఆ తర్వాత నేను పీరు ఎత్తలేదు. మోకాళ్ల నొప్పి అని చెప్పి ధనంజయకు ఇచ్చేసినా. మేడం ఏటేటా పిలకాయల్ని తీసుకోని వచ్చి, "ఇంకా తగ్గలేదా తిరుమలయ్యా" అనేది. తగ్గలేదనేవాణ్ణి. క్లాసులోనూ ప్రతి బ్యాచికీ ఇదే పాఠం, ఆ దినం స్వామి చెప్పినాడని. నేను నీళ్లు పెట్టేదానికి పోతే ఇంగ్లీషులో నా పేరు వినపడేది, పిలకాయలందరూ తిరిగి నా మొగం చూసేవాళ్లు. గ్లాసులు పెట్టి బయటికి వచ్చేసేవాణ్ణి. చెప్పాల చెప్పాల అనుకుంటానే, ఆయమ్మ ఆస్పత్రిలో చేరింది. చూసేదానికి పోయినా. ఆడ కూడా "కిటికీ తెరువు" అనింది. తెరిచి వచ్చేసినా.

ఇప్పుడు నువ్వొచ్చి, ఆయమ్మ రాసిన పాఠం ఇది, నిజమేనా, కొత్త పిలకాయలకు చెప్పేదా అని అడుగుతాండావు. నిజం కాదంటే ఆయమ్మ అన్నేండ్లు చెప్పింది ఏమయిపోతాది? నిజమంటే నేను ఏమయిపోతా? యాడుండాది ఆ మాట, చూపించు. ఇదేనా, స్వామి చెప్పెను అని? మంచి చేతిరాత. పెన్సిలుందా నీ తావ? పెన్ను వద్దు. ఆ 'స్వామి' అనే దాని కింద ఒక గీత గీయి. కొట్టేయొద్దు. కొట్టేయొద్దు అంటాండా గదా. పక్కన చిన్నగా రాయి, తిరుమలయ్య అని. రాసినావా? రెండూ అట్లే ఉండనీ. వాళ్లు అడిగితే... అడగనీలే.

ఎండ ఎక్కతా ఉండాది. పూతలపట్టులో బస్సు మారాల నువ్వు. ఏదీ, ఆ నీళ్ల సీసా ఇట్లా ఇయ్యి, నింపి ఇస్తా.