శత్రువుగారి సంతకం

ఆ కాగితం బల్ల మీద పెట్టకు వదినా. నేను ముట్టుకోను. అన్నయ్యకి కాళ్లు లేవా, తను రాలేడా? నిన్ను పంపించాడు చూడు, అక్కడే తెలిసిపోయింది నాకు అందులో ఏం రాసుంటుందో.

లేదులే, నీ మీద కోపం దేనికి? కూర్చో. చదవకుండా చెప్పనా? "ఆ రోజు ఆట ఒక్కసారే జరిగింది, నేను నా ఇష్టంతోనే వెనక్కి తగ్గాను." అంతేనా? ఆఁ, తల దించుకున్నావంటే అంతే.

రేపు పదింటికి విచారణ కమిటీ ముందు కూర్చుని నేను ఆ ముక్క చదివేస్తే అన్నయ్య ఉద్యోగం నిలుస్తుంది. బావుంది. చాలా బావుంది.

అసలు మా ఆఫీసులో మేమేం చేస్తామో నీకు ఎప్పుడైనా చెప్పాడా? చెప్పడు. ఇంట్లో కూడా నోటికి తాళం వేసుకునే తిరుగుతాడు. నేను చెప్తా విను.

రెండు గదులు, మధ్యలో నడవ. ఒక గదిలో మనం. సైన్యం నుంచి, విదేశాంగ శాఖ నుంచి వచ్చిన పెద్దలు ఓ పది మంది కూర్చుంటారు. రెండో గదిలో వాళ్లు, అంటే సముద్రానికి అవతలున్న ఆ పెద్ద దేశం. ఆ దేశం మొత్తానికీ నేనొక్కదాన్నే! బల్ల మీద పటం, దాని మీద కొయ్య ఓడలు. మనవాళ్లు ఒక ఎత్తు వేసి చీటీ పంపుతారు. అలా చేస్తే ఆ దేశం ఏం చేస్తుందో నేను చీటీ రాసి తిప్పి పంపాలి. చివర్లో మంత్రిగారికి నివేదిక వెళ్తుంది. దాన్నే మేం ఆట అంటాం.

ఇరవై రెండేళ్లుగా శత్రువుని నేనే. వాళ్ల భాష నేర్చుకున్నాను. వాళ్ల పాత మంత్రుల ఉత్తరాలు చదివాను, ఆఖరికి వాళ్ల బడిపిల్లల చరిత్ర పుస్తకాలు కూడా. క్యాంటీన్‌లో నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు తెలుసా? "శత్రువుగారూ, టీ చెప్పమంటారా?" నవ్వకు, నిజం. నేను సెలవు పెట్టిన రోజు "శత్రువుగారికి జ్వరం, దేశానికి ఢోకా లేదు" అని బోర్డు మీద రాశారు కూడా.

ఈ వేసవిలో మాకొచ్చిన ప్రశ్న ఒక్కటే. వాళ్ల జలసంధి ముందు మన ఓడలు తీసుకెళ్లి నిలబెడితే వాళ్లు తగ్గుతారా, తగ్గరా?

తగ్గుతారనే అన్నారు మన గదిలో అందరూ. డెబ్బై ఏళ్ల కిందట తగ్గారు కదా! అప్పుడూ అదే జలసంధి, అప్పుడూ మన ఓడలే. నాలుగు రోజుల్లో తోక ముడిచారు. నువ్వూ నేనూ బడిలో చదువుకున్నదే. గట్టిగా నిలబడితే వాళ్లు తగ్గుతారు, ఇదీ మనం నేర్చుకున్న పాఠం.

మరి వాళ్లేం నేర్చుకున్నారు? అది ఒక్కళ్లూ అడగరే!

ఆ సంవత్సరం వాళ్లకి పంటలు పోయాయి, రాజధానిలో సమ్మెలు. దిక్కులేక తగ్గారు. తగ్గుదామన్న మంత్రి ఇంటి గేటు మీద జనం ఏళ్ల తరబడి ఉమ్మేసి వెళ్లేవాళ్లట. ఆయన కూతురికి రాసిన ఉత్తరం నేనే తర్జుమా చేశాను. "ఇంకోసారి తగ్గేవాడు ఈ దేశంలో బతకలేడమ్మా" అని రాశాడు. జరిగింది ఒక్కటే వదినా. దాన్నుంచి మనం ఒకటి నేర్చుకున్నాం, వాళ్లు సరిగ్గా దానికి వ్యతిరేకమైంది నేర్చుకున్నారు. మనకి గుర్తున్నట్టే వాళ్లకీ గుర్తుందనుకోవడం ఎంత పొగరు!

అందుకే ఆ రోజు నేను తగ్గలేదు. మూడో చీటీ మీద "కాల్పులు" అని రాసి పంపాను.

 ఐదు నిమిషాలకి అన్నయ్య నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. తను డైరెక్టరే అయినా సరే, ఆట మధ్యలో రాకూడదు. వచ్చాడు.

"ఏంటే ఈ మొండితనం? అవతల మంత్రిగారు నివేదిక కోసం ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

"మొండితనం నాది కాదన్నయ్యా, వాళ్లది. నేను వాళ్లలాగే ఆడాలి కదా?"

"సరే, ఇది ఇలాగే ఉంటుంది. ఇంకోసారి ఆడదాం. ఈసారి తగ్గు. తగ్గితే తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి కదమ్మా. రెండూ నివేదికలో పెడతాను."

"రెండూనా?"

"నీ మీద ఒట్టు."

నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని లైబ్రరీకి తీసుకెళ్లి, నాకు అందని అరల్లోంచి పుస్తకాలు తీసిచ్చిన మనిషి వదినా! ఆ మనిషి నా మీద ఒట్టేస్తే నమ్మనా? తగ్గాను. వాళ్ల ఓడలన్నీ నా చేత్తో నేనే వెనక్కి జరిపాను. గోడ అవతల చప్పట్లు వినిపించాయి.

తర్వాతి సంగతి నీకూ తెలుసు. నివేదికలో ఒక్క ఆటే ఉంది. నేను కాల్పులు జరిపిన ఆట గాలికి పోయింది. మంత్రిగారు సభలో లేచి ఏమన్నారు? "ఆ దేశాన్ని ఇరవై రెండేళ్లు చదివిన మా నిపుణురాలే, వాళ్ల కుర్చీలో కూర్చుని, వెనక్కి తగ్గారు" అన్నారు. నన్నే సాక్ష్యంగా చూపించారు!

ఓడలు వెళ్లాయి. వాళ్లు తగ్గలేదు. మూడో రోజు పొద్దున నోట్లో బ్రష్షుతో టీవీ ముందు నిలబడ్డాను. మన ఓడ తగలబడుతోంది. ముప్పై ఏడుగురు. పేర్లు వరసగా చదువుతుంటే నురగ మింగేశాను, ఉమ్మాలని కూడా తోచలేదు. వాళ్ల వైపూ పోయారు, ఎంతమందో చెప్పలేదు. ఆ తర్వాత రెండు వైపులా భయపడి మాటలకి కూర్చున్నారు. ముందే కూర్చుని ఉండొచ్చుగా? ఎవర్నడుగుతాం!

నేను తిన్నగా అన్నయ్య గదికే వెళ్లాను. ఏమన్నాడో చెప్పాడా నీకు? "మొదటి ఆట పెడితే మంత్రిగారు నివేదికే పక్కన పడేసేవారు. వినిపించుకోని మాట రాసి ఏం లాభం?" ఫైల్లోంచి తల కూడా ఎత్తలేదు. ఒట్టు మాటే ఎత్తలేదు. ఆయనకి అది గుర్తుందో లేదో కూడా నాకు తెలీదు.

ఏంటి? అన్నయ్య అన్నం సరిగ్గా తినడం లేదా? పాపం.

ఏమన్నావ్? మళ్లీ అను. "నివేదిక మీద నీ సంతకం కూడా ఉందిగా." అన్నయ్య అనమన్నాడా, నీ అంతట నువ్వే అంటున్నావా? సరే. ఎవరన్నా ఒకటే.

ఉంది. చదవకుండా పెట్టేశానని అందరూ అనుకుంటున్నారు. కమిటీ ముందు అలాగే చెప్పి తప్పించుకోమని అన్నయ్యే సలహా కూడా ఇచ్చాడు.

చదివాను వదినా. పంపే ముందు నా బల్ల మీదకే వచ్చింది. పన్నెండు పేజీలు, మొదటినుంచీ చివరిదాకా చదివాను. నా మొదటి ఆట లేదు. వెనక్కి తిప్పి మళ్లీ వెతికాను, లేదు. ఫోన్ తీసి అడగొచ్చు. గట్టిగా పిలిస్తే పలికేంత దూరం ఆయన గది.

కానీ చివరి పేజీలో, కింద, అన్నయ్య తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చాడు. "ఆ దేశం మనసు ఈమెకి తెలిసినంతగా మనలో మరెవరికీ తెలియదు." ఇన్నేళ్లలో ఆయన నోటినుంచి నా పని గురించి ఒక్క మంచి మాట విన్లేదు నేను. నాలుగుసార్లు చదువుకున్నాను. మొదటి ఆట విడిగా పంపుతాడేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, సంతకం పెట్టేశాను. సిగ్గు లేకుండా, సంతోషంగా పెట్టాను.

రేపు ఆయన ఒట్టు సంగతీ చెప్తాను, ఇదీ చెప్తాను. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, పోనీ. ఆ కాగితం తీసుకెళ్లిపో.

ఆ ముప్పై ఏడుగురి ఇళ్లల్లోంచి ఎవరైనా వచ్చి అడిగితే, మా అన్నయ్య నన్ను మోసం చేశాడని చెప్పొచ్చు. వాళ్లు నమ్ముతారు కూడా. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.