ఊడ్పుల వరస

రాజమండ్రిలో గోదావరి గట్టున, యాభై ఏళ్లుగా పాడుతున్న గాయని కచేరీ. ముందు కుర్చీల్లో ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు.

“చీటీ పంపిస్తే అడిగిన పాట పాడతారంటమ్మా. నీ పడవపాట రాసివ్వనా?”

“వద్దే. ఇంకేదైనా రాయి.”

“ఆవిడ పాటలన్నిట్లో నీకదే ప్రాణం కదా?”

“అందుకే వద్దంటున్నా. చరణంలో గొంతు ఎంత పైకెళ్లాలో తెలుసుగా. ఈ వయసులో అందకపోతే ఇంతమందిలో ఆవిడ మొహం చిన్నబోదూ?”

“నీకు అందుతోందిగా, రోజూ పాడతావు.”

“నాకెక్కడ అందిందే. వరి ఊడ్పుల్లో నడుం వంచి పాడుతుంటే ఊపిరుండదు. పైకెళ్లాల్సిన చోట ఆడాళ్లందరం కిందికి దించేసేవాళ్లం. అదే అలవాటైపోయింది.”

“అమ్మా, ఎవరో అడిగేసినట్టున్నారు. పడవపాటే మొదలెట్టారు.”

“అయ్యో. చరణం వచ్చేస్తోంది. నా చెయ్యి పట్టుకోవే.”

“పైకెళ్లలేదమ్మా. కిందికి దించి పాడుతున్నారు. అచ్చం నీలాగే.”

“వింటున్నా.”

“ఏడుస్తున్నావా?”

“లేదే. ఇన్నేళ్లూ ఆవిడ పాట చెడగొట్టామనుకున్నా. ఇప్పుడేమో ఆవిడే మా చేలోకి దిగి, మాతోపాటు నడుం వంచినట్టుంది.”