రోజు విడిచి రోజు కారే బండి

మలికిపురంలో ఒక అద్దె వాటా, మిట్టమధ్యాహ్నం. కొత్తగా అద్దెకు దిగిన మాణిక్యం గుమ్మంలో నిలబడింది. మెకానిక్కు నతానియేలు ఆవిడ పాత మోటారుసైకిలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“కారితే రోజూ కారాలి కదండీ?”

“ఏమో నాయనా. నిన్న కారింది. మొన్న చుక్క లేదు. అటుమొన్న మళ్ళీ అరుగంతా పెట్రోలు వాసనే. రోజు విడిచి రోజు, చలిజొరం వచ్చినట్టు.”

“కార్బొరేటరుకి చలిజొరమా! ఎప్పుడూ వినలేదండి.”

“నవ్వకు బాబూ. ఎదురింటి లక్ష్మీకాంతం గారు, ఈ ఇల్లు ఆవిడదే, పొద్దున్నే వచ్చి చెప్పేసేరు. ఇంకోసారి వాసనొస్తే బండి ఇక్కడ ఉండటానికి వీల్లేదు, పెరట్లో పడేసుకోమని.”

“ఆయ్, పెరట్లోనే పెట్టుకోండి. నీడగా ఉంటది.”

“కుదరదు. పగలంతా పెరట్లోనే ఉంటది. రాత్రయ్యేసరికి మాత్రం గుమ్మం ముందుండాలి.”

“ఎందుకండీ?”

“ఉండాలంతే. నువ్వు బాగు చెయ్యి. మజ్జిగ తాగుతావా? నిమ్మాకు నలిపి వేసేను.”

“పని కానివ్వండి. అయ్యగారిని ఓసారి పిలుస్తారా? బండి ఎలా వాడతారో అడుగుతాను.”

“ఆయన లేరు. రేవుకెళ్ళేరు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు నడుపుతారు, నర్సాపురం దాకా.”

“మరి బండి ఇక్కడుందేంటండీ?”

“కారుతోందిగా! బస్సెక్కి వెళ్ళేరు.”

“నిన్నటిదాకా దీని మీదే వెళ్ళేరా?”

“మరి! దీని మీద కాక?”

“ఇదిగోనండి, ఇలా వంగి చూడండి. పెట్రోలు ఆపే ముల్లు ఇది. దీని కింద ఎంత బంక కట్టిందో చూడండి. పెట్రోలు కదలకుండా నిలవుంటే కట్టే బంక. రోజూ తిరిగే బండికి కట్టదండి.”

“ఆయన కాస్త నెమ్మదిగా నడుపుతారు.”

“నెమ్మదిగా నడిపినా నడిపినట్టేనండి. కిక్కు బిగుసుకుపోయింది. సైలెన్సర్లో సాలీడు గూడు పెట్టింది.”

“దులుపుతాలే.”

“ముల్లు శుభ్రం చేసేను. ఇంక కారదు. కానీ ఈ రోజు విడిచి రోజు సంగతేంటో… ఈ పెట్రోలు ట్యాపు ఎవరు తిప్పుతారండీ?”

“ఆయనే. ఇంటికొచ్చి బండి దిగగానే ముందక్కడ చెయ్యేసి ఒక్క తిప్పు తిప్పేవారు. ఆ తర్వాతే చెప్పులు విప్పడం, కాళ్ళకి నీళ్ళివ్వమనడం. ఎంత అలిసొచ్చినా అది మర్చిపోయేవారు కాదు.”

“తిప్పేవారా?”

“తిప్పుతారు. అదే, తిప్పుతారన్నాను.”

“నిన్న ఎవరు తిప్పేరండీ?”

“నిన్న… నేనే. బండి గుమ్మం ముందుకి తోసి, నేనే తిప్పేను.”

“మొన్న?”

“నేనే.”

“మరి పొద్దున్నే బయల్దేరేటప్పుడు తెరిచేదెవరండీ?”

“తెరవాలా?”

“తెరవకుండా బండెలా నడుస్తదండీ? ఇక్కడ రాత్రి మూసే తిప్పు ఒక్కటే ఉంది. పొద్దున్న తెరిచే తిప్పు లేదు. మూసున్నదాన్ని మీరు తిప్పితే తెరుచుకుంటది, ఆ రోజు కారుతది. మర్నాడు తిప్పితే మూసుకుంటది. అదండీ చలిజొరం.”

“అయితే నేనే కారించుకున్నానా?”

“ఆయ్. ఈ బండి ఎక్కడికీ వెళ్ళట్లేదు కదండీ?”

“మెల్లిగా, మెల్లిగా. ఎదురింటావిడ వీధరుగు మీదే ఉన్నారు.”

“అయ్యగారు ఎప్పుడు పోయేరమ్మా?”

“పోయిన గోదారి వరదలప్పుడు. పంటు మీదేం కాదు, మంచంలోనే. ఒక్కదాన్నే అంటే ఎవరూ ఇల్లివ్వలేదు బాబూ. రాజోల్లో నేనెక్కని గుమ్మం లేదు. ఒంటరి ఆడదానికి ఇవ్వం అన్నారు. ఇక్కడికొచ్చి, మా ఆయన పొద్దుపోయి వస్తారండి, చీకటితో వెళ్ళిపోతారండి అన్నాను. ఇచ్చేసేరు.”

“ఇంజను చప్పుడేదని అడగలేదండీ ఆవిడ?”

“ఎందుకడగరు? మీ నిద్ర పాడవుద్దని మలుపులోనే ఆపేసి తోసుకొస్తారండి అన్నాను. ఎంత మంచాయనండీ అని తెగ మెచ్చుకున్నారు. ఆవిడ అలా మెచ్చుకుంటే నాకూ నిజమే అనిపించింది. ఆ పూట ఇద్దరికి సరిపడా బియ్యం పోసేసేను.”

“…ట్యాపు మూసేసేనండి. ఇంక దీని జోలికెళ్ళకండి.”

“వెళ్ళకుండా ఎలా బాబూ? ఊరికి బండి కనబడితే చాలు. ఆయనొచ్చేరని నాకు తెలిసేది ఆ ఒక్క తిప్పుతోనే.”

“అయితే తిప్పుకోండమ్మా. బంక తీసేను కదా, తెరిచున్నా కారదులెండి.”

“నిజంగా కారదా?”

“కారదు. కారితే కబురెట్టండి, వస్తాను. ఉంటానండి.”

“మజ్జిగన్నా తాగలేదు… అదేంటబ్బాయ్, ఈ ఎండలో వట్టికాళ్ళతో వెళ్తున్నావు? చెప్పులు మర్చిపోయేవు!”

“మర్చిపోలేదండి. బండొచ్చేక గుమ్మంలో మగమనిషి చెప్పులు లేకపోతే ఎవరు నమ్ముతారండీ?”