ఆరో నంబరు సిస్టమ్‌లో ఇల్లు

జుల్ఫికర్ నోట్లో పడ్డ అంకె పెరగకుండా బయటికి రాదు. అతని గేమింగ్ సెంటర్లో ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు. శాలిబండ మలుపు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చోగానే అవి నలభై అవుతాయి, రెండో చాయ్ కడుపులో పడ్డాక వందకు చేరతాయి. రోజూ వినేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. తెలిసే వింటారు. సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక ఆ మూల టేబుల్ దగ్గర అంతకు మించిన కాలక్షేపం ఏముంది గనక.

ఆ రోజు టేబుల్ చుట్టూ ముగ్గురున్నారు. ఒకడు అస్లాం, యాకుత్‌పురా స్టేషన్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. రెండోవారు వీరరాఘవరావు, కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేసి రిటైరయ్యారు. ఏలూరు వదిలి ముప్ఫై ఏళ్ళయినా ఆయన యాస మాత్రం రైలు దిగిన నాటిదే. మూడోవాడు సాకిబ్, ఇరవై ఆరేళ్ళ వెల్డర్. అతను గుమ్మంలో కనబడగానే జుల్ఫికర్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. సాకిబ్ వారానికోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా ఒకే మాట అడుగుతాడు. ఆ మాట అడిగే సందు ఇవ్వకూడదని, అతను కుర్చీ లాక్కునేలోపే జుల్ఫికర్ కథ ఎత్తుకున్నాడు.

"అసల్ ముచ్చట చెప్త విను అస్లాం. గేములు అమ్మి చేతులు దులుపుకుంటరనుకున్నవా కంపెనీలోళ్ళు? అప్‌డేట్లు పంపుతనే ఉంటరు. దేనికి కొత్తది వచ్చింది, ఏది పాతబడ్డది, ఒక్కొక్కటి తెరిచి చూసేసరికి పొద్దుగాల రెండు గంటలు గుల్ల. అందుకని నేనొక సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చిన. డెస్క్‌టాప్ మీద చిన్న బొమ్మ, అంతే. నొక్కితే గేములన్ని లిస్టుల వస్తయి. మంచిగున్నదానికి పచ్చ చుక్క, అప్‌డేట్ కావాల్సినదానికి ఎర్ర చుక్క. నలభై సిస్టమ్‌ల పని రెండు నిమిషాల్ల ఖతం."

"పన్నెండు," అన్నారు వీరరాఘవరావు, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ.

"పన్నెండే అనుకో రావు సాబ్. పని నలభైది. సరే, కొన్ని దినాలు మంచిగ నడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు తొమ్మిది ఎర్ర చుక్కలు. కూసొని అన్ని అప్‌డేట్ చేసిన, అన్ని పచ్చగైనయి. తెల్లారి వచ్చి చూస్తే మళ్ళ అవే తొమ్మిది, ఎర్రగ. మళ్ళ చేసిన. మళ్ళ తెల్లారి ఎర్రగ. పదకొండు రోజులు ఇదే లొల్లి."

"పదకొండు రోజులా?" అన్నాడు అస్లాం.

"ఇంకొకడైతే తీసి పారేస్తుండె. నేను ఇడుస్తనా? యాంటీవైరస్ అడ్డం పడుతున్నదేమోనని, ఇది మనోడే, పోనియ్యమని దానికి చెప్పిన. అడ్మినిస్ట్రేటర్ లెక్క నడిపి చూసిన. గేములు ఏ ఫోల్డర్ల ఉన్నయో దారి మళ్ళ చూపిచ్చిన. మొత్తం తీసేసి కొత్తగ ఎక్కిచ్చిన. ఏంది, దేనికీ ఇనదు."

ఇక్కడి దాకా చెప్పిందాంట్లో సిస్టమ్‌ల లెక్క తప్ప అంతా నిజమే. ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేదో జుల్ఫికర్‌కీ తెలుసు. కానీ సాకిబ్ గ్లాసు పక్కకు జరిపి ఏదో అడగబోతున్నట్టు తలెత్తాడు.

"అప్పుడు మా నానా, అమ్మోళ్ళ నాయిన, యాదికొచ్చిండు," అన్నాడు జుల్ఫికర్ గొంతు పెంచి. "నాడి పట్టి మందిచ్చే హకీం సాబ్ కద. నేను మౌస్ వైరు మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూసిన."

"దొరికిందా నాడి?"

"దొరకక యాడికి పోతది అస్లాం? తెలిసిపోయింది నాకు. కేబుల్ మూసీ దాటేకాడ మెలిక పడ్డది. అప్‌డేట్లన్ని అవతలి ఒడ్డున నిలబడి ఉన్నయి, దసరా ముందు బస్టాండ్ల జనం నిలబడ్డట్టు. పోయి చేత్తోని మెలిక తీసిన. ఇగ సూడు స్పీడు. లోపల ఫ్యాన్లు గిర్రున తిరిగి వంద సిస్టమ్‌లు టేబుళ్ళ మీది నుంచి గాల్లకి లేసినయి. పతంగి మాంజా తెచ్చి ఒక్కొక్కదాన్ని కిటికీకి కట్టేసిన."

"వంద ఎప్పుడయ్యాయయ్యా?"

"గాల్ల ఉన్నవి ఎట్ల లెక్కపెడ్తం రావు సాబ్."

అస్లాంకు పొలమారింది. పక్క టేబుల్ వాళ్ళు కూడా ఇటు తిరిగారు. నలుగురు తిరిగి చూశారంటే జుల్ఫికర్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఆ దినం నుంచి సాఫ్ట్‌వేర్ ఎంత హుషారైందంటే, కంపెనీ ఇంక తయారు చెయ్యని అప్‌డేట్లు కూడ చూపియ్యబట్టింది. వచ్చే నెలది ఈ నెలనే. కంపెనీ పెద్దమనిషి ఫారిన్‌ల నుంచి నాకు ఫోన్. జుల్ఫికర్ సాబ్, అది మేమింక రాయనే లేదు, మీ సెంటర్ల ఎట్ల నడుస్తున్నది, జర మాకొక కాపీ పంపుండ్రి అని."

"పంపినవా మరి?"

"పంపిన. పాపం, పిల్లలున్నోళ్ళు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేములు వదిలిపెట్టి బస్తీ మీద పడ్డది. లిస్టుల నీ ఆటో వచ్చింది, పక్కన ఎర్ర చుక్క, బ్రేకులు అరిగినయని. చార్మినార్ గడియారం వచ్చింది, నాలుగు నిమిషాలు ఎనకున్నదని. కుర్చీల నుంచి లేవకుండ నొక్కిన. అక్కడ ముల్లు కదిలింది. ఆ రోజు పాతబస్తీ మొత్తం నాలుగు నిమిషాలు ముందుగల్ల ఇంటికి పోయింది."

హోటలంతా నవ్వింది. సాకిబ్ నవ్వలేదు. చాయ్ మీద మీగడ కట్టింది, దాన్నే చూస్తున్నాడు. మిగతావాళ్ళ నవ్వు వినబడుతున్నకొద్దీ జుల్ఫికర్‌కి ఆ ఒక్క ముఖమే పెద్దదిగా కనబడింది.

సాకిబ్ రెండేళ్ళపాటు ఆరో నంబరు సిస్టమ్ మీద ఒక ఇల్లు కట్టాడు. ఇటుక మీద ఇటుక పెట్టి ఇళ్ళు కట్టుకునే గేమ్ అది. కట్టింది వాళ్ళమ్మ అన్వరీ బేగం పుట్టిల్లు. యాకుత్‌పురాలో ఉండేది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అప్పటికి సాకిబ్‌కి మూడేళ్ళు, ఏమీ గుర్తు లేదు. ఉన్న రెండు ఫోటోల్లో చుట్టాలే తప్ప గోడ కూడా సరిగా కనబడదు. అందుకని ప్రతి ఆదివారం అమ్మను తెచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆమె బుర్ఖా సర్దుకుని తెర దగ్గరికి వంగి, అల్మారా అటు కాదు ఇటు, వంటింటి కిటికీ ఇంకాస్త కిందికి, అని చెబుతూంటే ఒక్కో గదీ లేచింది. పక్క సిస్టమ్‌ల మీద తుపాకులు పేల్చేవాళ్ళు కూడా ఆటలాపి వచ్చి చూసేవాళ్ళు.

నాలుగు నెలల కింద ఆ ఇల్లు మాయమైంది. సాకిబ్ వచ్చి అడిగినప్పుడు జుల్ఫికర్ నోట్లోంచి మాట ఇట్టే వచ్చేసింది: "కంపెనీ అప్‌డేట్ పాడు చేసింది బేటా. ఫికర్ చెయ్యకు. ఇంకో అప్‌డేట్ వస్తే నీ ఇల్లు ఎట్లున్నది అట్ల తిరిగొస్తది. మన సాఫ్ట్‌వేర్ చూస్తనే ఉంటది, చుక్క ఎర్రగ కాంగనే నేనే చెప్త." అప్పటినుంచి వారం వారం సాకిబ్ ప్రశ్న అదే. చుక్క వచ్చిందా భాయ్?

ఈసారి అది అడగలేదు.

"భాయ్, తయారు కాని అప్‌డేట్లు కూడ చూపించేదాయె. మరి ఆ తొమ్మిది చుక్కలు పదకొండు రోజులు ఎర్రగనే ఎందుకున్నయి?"

"చెప్పిన కద బేటా, మూసీ కాడ..."

"మీరు లాక్ తియ్యలేదు భాయ్."

జుల్ఫికర్ గ్లాసు ఎత్తి, అందులో ఏమీ లేదని చూసి, మళ్ళీ పెట్టాడు. గేమింగ్ సెంటర్లలో ప్రతి కంప్యూటర్‌కీ ఒక లాక్ ఉంటుంది. వచ్చినవాళ్ళు ఏం కెలికినా సరే, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అన్నీ మొదట ఉన్నట్టే అయిపోతాయి, ఆడేవాళ్ళు తమవి దాచుకునే పక్క డ్రైవ్ ఒక్కటి తప్ప. అప్‌డేట్ చెయ్యాలంటే ముందు ఆ లాక్ తియ్యాలి. పదేళ్ళుగా సెంటర్ నడుపుతున్న మనిషి ఆ పని మరిచిపోయాడు. అతను పగలంతా చేసిందాన్ని లాక్ రోజూ తుడిచేసింది. సాఫ్ట్‌వేర్ ఉన్నదున్నట్టే చూపించింది పాపం.

"మా ఇంట్ల సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ తీసుకున్న," అన్నాడు సాకిబ్. "మీ సాఫ్ట్‌వేరే ఎక్కించిన, మన చుక్క ఎప్పుడొస్తదో చూద్దమని. మా దాంట్ల లాక్ లేదు. ఒక్కసారి అప్‌డేట్ చేస్తే పచ్చగనే ఉంటది. ఇప్పుడు మీ ముచ్చట ఇంటుంటే సమజైంది. చుక్క మీద నొక్కితే అప్‌డేట్‌ల ఏం మారిందో రాసుంటది భాయ్. మూడు వచ్చినయి, మూడు చదివిన. పోయింది తిరిగొస్తదని ఏ దాంట్లనూ లేదు. కంపెనీకి రాసిన. అప్‌డేట్ తోని ఎవరిదీ పోలే, డ్రైవ్ ఎవరన్న తుడిచిండ్రా అని వాళ్ళే అడిగిండ్రు."

తుడిచాడు. పన్నెండో రోజు లాక్ సంగతి తట్టగానే జుల్ఫికర్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకముందే అంతా కొత్తగా చెయ్యాలనే తొందరలో, మొదట దొరికిన ఆరో నంబరులో ఉన్నదంతా తీసేశాడు, ఆ పక్క డ్రైవ్‌తో సహా. ఆ డ్రైవ్‌లో ఏముందో గుర్తొచ్చేసరికి పని అయిపోయింది.

"నేనే బేటా," అన్నాడు. "తుడిచింది నేనే. చెప్పనీకె మొఖం చెల్లలే."

"ఆ రోజే చెప్తే కోపానికొస్తుంటి భాయ్. రెండు దినాలు మాట్లాడకపోతుంటినేమో. మూడోనాడు మళ్ళ పునాది నుంచి మొదలుపెడ్తుంటి. అప్పుడు అమ్మీకి అన్ని యాదికుండె." సాకిబ్ మాటల్లో కోపం లేదు, అది ఉన్నా బాగుండేదనిపించింది జుల్ఫికర్‌కి. "ఇప్పుడు మొదలుపెట్టిన. తలుపు రంగు అడిగితే ఒకనాడు పచ్చ అంటది, ఒకనాడు నీలం అంటది. మొన్న బావి ఉండెనా అని నన్నే అడిగింది. డాక్టర్ చెప్పిండు, యాది ఇంక తగ్గుతది తప్ప పెరగదని. చుక్క కోసం చూసుకుంట కూసున్న నాలుగు నెలలు అట్ల పోయినయి."

అస్లాం తల దించుకున్నాడు. పక్క టేబుల్ వాళ్ళు మెల్లగా వాళ్ళ చాయ్ వైపు తిరిగారు.

"మీరు కౌంటర్ కాడి నుంచి ప్రతి ఆదివారం చూస్తుండె కద భాయ్. అందుకే వచ్చిన. గడప ముంగట మెట్లు ఎన్నుండె?"

అలవాటు కొద్దీ జుల్ఫికర్ నాలుక మీదికి ఒక అంకె వచ్చి నిలబడింది. ఏడు అంటే చాలు, సాకిబ్ వెళ్ళి ఏడు మెట్లు కడతాడు. తను చెప్పిన అంకెను నమ్మి ఎవరన్నా ఏదైనా కడతారని అతనికి ఇంతవరకూ తెలియదు. కళ్ళు మూసుకుని ఆరో నంబరు తెర గుర్తు తెచ్చుకోబోయాడు. అన్వరీ బేగం వంగిన వీపు కనబడింది, చుట్టూ మూగినవాళ్ళు కనబడ్డారు. తను మాత్రం కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, అటు వీపు పెట్టి, వచ్చినవాళ్ళకు ఏదో కథ చెబుతున్నాడు.

"యాదికి లేదు బేటా," అన్నాడు జుల్ఫికర్. "నేను సరిగ చూడనే లేదు."

సాకిబ్ చల్లారిన చాయ్ తాగేసి లేచాడు.

"అయితే మూడు పెడ్త భాయ్," అన్నాడు. "తప్పైతే అమ్మీకి అసలుది యాదికొచ్చి కోపం చేస్తదేమో చూస్త."