చంద్రరావు గారి ఇంగ్లీషు ఊరగాయ

"ఒక్క చెంచా, అంతేనండి. అంతకంటే ఎక్కువ తిన్నానని నేను చెప్పను. నాకు అబద్ధమంటే గిట్టదు."

చంద్రరావు గారు టీ గ్లాసు పక్కన పెట్టి ఒళ్ళో సీసా సర్దుకున్నారు. కడియంలో ఆయనకి మూడెకరాల నర్సరీ ఉంది. నిరుడు చలికాలంలో మొక్కలు చూడ్డానికొచ్చిన ఓ ఇంగ్లీషు ఆవిడ, తన చేత్తో పెట్టుకున్న ఊరగాయ సీసా ఒకటి ఆయనకిచ్చి వెళ్ళింది. పిక్కలిల్లి అంటారట. కాలీఫ్లవరూ చిన్న ఉల్లిపాయలూ వెనిగర్‌లో ఊరేసి, ఆవపిండీ పసుపూ పట్టించింది. ఆయన ఆ సీసా మూతికి వాసెనగుడ్డ కట్టి ఊరంతా తిప్పారుగానీ, ఇంతవరకు ఎవరికీ రుచి చూపించలేదు.

ఆ వేళ మాత్రం ఊరికే కబుర్లు కావు. టీకొట్టు లోవమ్మ బల్ల మీద రెండు జాడీలు పెట్టుకుని నిలబడింది. ఆమె వేసవిలో ఊరగాయలు పెట్టి సీసాల్లో అమ్ముతుంది. రాజమండ్రిలో గోదావరి గట్టు మీది గెస్ట్ హౌస్ వాళ్ళు, తమ దగ్గర దిగే ఇంగ్లీషు వాళ్ళ కోసం ఈ పిక్కలిల్లి పెట్టగలవా అని అడిగారు. నచ్చితే ఏడాది పొడుగునా ఆమె చేతే పెట్టిస్తారు. నచ్చకపోతే ఇంకొకర్ని చూసుకుంటారు. రుచికి ఒక్క జాడీయే పంపమన్నారు. ఫోన్లో చూస్తే ఒకరు పంచదార పొయ్యమన్నారు, ఇంకొకరు నోరు మండాలన్నారు. అందుకని లోవమ్మ ఒకటి తీపిగా, ఒకటి ఘాటుగా పెట్టింది. ఏది పంపాలో అసలుది తిన్న మనిషి చెప్పాలి. నాలుగింటికి వీరబాబు ఆటో రాజమండ్రి బయల్దేరుతుంది.

"మోకాళ్ళు అరిగిపోయాయండి. ఈ పొయ్యి ముందు ఇంక నిలబడలేను. కూర్చుని చేసుకునే పని ఇదొక్కటి దొరికింది. తీపా, ఘాటా? ఆ ఒక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది," అంది.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆవిడ ఏం చెప్పిందీ, రొట్టె ముక్క మీద చీజు పెట్టుకుని, దాని పక్కన ఇది నంజుకోవాలంది. మనకా తిండి నచ్చుద్దా చెప్పు. నేనేం చేశాను, పొగలు కక్కే అన్నంలో ఓ చెంచా వేసుకుని, పైన నువ్వులనూనె పోసి, ఎర్రగా కాదు, పచ్చగా, బంగారంలా ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నా. అంతే! ఆవ ఘాటు ముక్కులోంచి మాడుకెక్కి తుమ్మొచ్చింది. ఒక్కటే తుమ్ము. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి, ఆయ్," అన్నాడు వీరబాబు.

"ఎదురుగా మామిడి అంట్లున్నాయి, జానెడెత్తు కూడా లేవు. ఆ తుమ్ముకి మొత్తం పూత! కలకత్తా లోడు అది. లారీ తుని దాటేసరికి పిందెలు పడ్డాయని డ్రైవరు ఫోను. విశాఖపట్నంలో కాయలు. కలకత్తాలో దించేసరికి మగ్గిన పళ్ళు. అక్కడి సేటు, మొక్కలు పంపమంటే పళ్ళు పంపారేంటండీ అని నా మీద కోప్పడ్డాడు."

"మరి దారిలో ఒక్కటైనా తిన్నాడా డ్రైవరు?"

"తింటే టెంక నాకు తెచ్చి చూపించేవాడు కదా. నిజాయితీపరుడు. సరే, అన్నం తిన్నాక కంచం కడిగి ఆ నీళ్ళు కాలవలో పోశాను. పోశానా, మర్నాడు పొద్దున్న రేవులోకి దిగితే ఏముందీ, పులసలు! వరదనీటికి రావలసిన పులసలు డిసెంబరులో, ఎవరైనా విన్నారా? సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చి, ధవళేశ్వరం గేట్లు దూకి, కాలవలో పడి, నా రేవు మెట్ల దగ్గర వరసగా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఇంకో చెంచా పెట్టమని."

"అబ్బ! ఎన్ని పట్టారేంటి?"

"మన ఇంటికి భోజనానికొచ్చినవాళ్ళని పడతామా వీరబాబూ! గోదావరి జిల్లాలో పుట్టి ఆ మాట అనొచ్చా? తలా ఓ ముక్క పెట్టి పంపించాను."

లోవమ్మ గడియారం చూసుకుంది. మూడూ ముప్పావు అయింది. "చంద్రరావు గారూ, తీపా, ఘాటా?"

"అదే చెబుతున్నా. ఈ సంగతి లండన్ దాకా పాకింది. అక్కడ ఊరగాయలు పెట్టేవాళ్ళంతా ఓ చోట చేరి నాకు వీడియో కాల్ చేశారు. అయ్యా, తరతరాలుగా పెడుతున్నాం, ఇందులో లోపమేంటో మాకు అంతుపట్టలేదు, మీరే చెప్పాలి అన్నారు. ఏముందండీ, ఇంగువ పోపు పెట్టండి, పక్కన నెయ్యి గిన్నె పెట్టుకోండి అన్నాను. ఇప్పుడు అక్కడ రొట్టె ముట్టుకునేవాడు లేడు. గోధుమ చేలన్నీ దున్నేసి స్వర్ణ వరి నాట్లు వేస్తున్నారు. వచ్చి ఉండిపొమ్మని ఒకటే బతిమాలడం. నేనే, మొక్కలకి నీళ్ళెవరు పెడతారండీ అని మానేశాను."

"అంత తిన్నారు కదండీ, సీసా నిండుగా ఉందేంటి?" అంది లోవమ్మ.

"తిన్నకొద్దీ పొంగుద్ది. ప్రతి ఆదివారం చెంచాడు తీస్తాను, తెల్లారేసరికి మళ్ళీ నిండుతుంది. ఆవపిండి మహిమ."

"ఇందాక ఒక్క చెంచా అన్నారు, ఆయ్."

"ఆదివారానికి ఒక్క చెంచా. మాట సరిగ్గా వినవయ్యా."

"అయితే ఘాటే అంటారు," అంది లోవమ్మ. ఘాటు జాడీ రెండు చేతులా ఎత్తి ఆటో వైపు నడిచి, సగంలో ఆగింది. "నా ఏడాదంతా దీని మీదే ఉంది. ఘాటే కదండీ?"

చంద్రరావు గారికి మొదటిసారి మాట తడబడింది. "ఆ... ఘాటే. ఆవ కదా మరి. ఘాటు లేకుండా ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందని నన్నడుగుతారేంటి? తిన్నది మీరు కదా." జాడీ బల్ల మీద పెట్టేసి చెయ్యి చాపింది. "ఓసారి సీసా ఇలా ఇవ్వండి."

"ఇవాళ ఆదివారం కాదు లోవమ్మా. పైగా తడి చెయ్యి!"

"ఊరగాయకి వారమేంటండి?" కొంగుతో చేతులు శుభ్రంగా తుడుచుకుంది. ఆయన ఒళ్ళోంచి సీసా తీసుకుని, వాసెనగుడ్డ ముడి విప్పి, మూత తిప్పింది.

టప్.

వీరబాబు గ్లాసు కింద పెట్టి సీసా వైపు చూశాడు.

"ఇరవై ఏళ్ళుగా సీసాలకి మూతలు బిగిస్తున్నానండి," అంది లోవమ్మ నెమ్మదిగా. "ఈ చప్పుడు ఒక్కసారే వస్తుంది. మొట్టమొదటిసారి తెరిచినప్పుడు."

చంద్రరావు గారు వాసెనగుడ్డని మోకాలి మీద పరిచి మడతలు పెట్టారు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచారు.

"తెరిస్తే అయిపోతుందనిపించింది లోవమ్మా. అంత దూరం నుంచి తెచ్చి నా చేతిలో ఎవరైనా పెట్టింది అదొక్కటే. తినేస్తే ఇంక చెప్పుకోడానికి ఏముంటుంది? సిగ్గుగా ఉంది."

"మీ కబుర్లకి నేనెప్పుడూ అడ్డం రాలేదండి. కానీ ఇవాళ అడిగింది నా బతుకు సంగతి." లోపలికెళ్ళి పొడి చెంచా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తినండి. తిని చెప్పండి."

ఆయన ఓ కాలీఫ్లవర్ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. అన్నం లేదు, నూనె లేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలారు. తుమ్ము రాలేదు.

"తీపి," అన్నారు.

ఇంకా ఏదో వస్తుందని ఇద్దరూ చూశారు. ఏమీ రాలేదు. చెంచా బల్ల మీద పెట్టి తల వంచుకుని కూర్చున్నారు.

లోవమ్మ తీపి జాడీ తీసుకెళ్ళి ఆటోలో సీటు మూలకి ఆనించి, కదలకుండా గోనెపట్టా చుట్టింది.

"నువ్వోసారి రుచి చూడవా పిన్నీ? ఆయన మాట నమ్మేస్తావా?" అన్నాడు వీరబాబు.

"కొట్టు పెట్టి పదకొండేళ్ళయింది. ఆయన ఒక్క మాట చెప్పి ఊరుకోవడం ఇదే చూడ్డం," అంది లోవమ్మ. "నువ్వు పోనియ్."