తాళాల ముందు ముగ్గులు

మా సొంతూరు యాడ అని అడిగితివి కదా నాయనా? అరవదేశంలో, అణైకట్ పక్కన. ఉండాదా అంటే ఉండాది... సరే, విను.

మావాళ్లంతా కట్టడం పనోళ్లు. గోడలు లేపే కొత్తనార్లు, ఇసుక మోసే చిత్తాళ్లు. బయటి దేశం కంపెనీలు వచ్చిన ఏండ్లు చూడు, బెంగుళూరులో మేడ మీద మేడ లేస్తా ఉండె. ముందు మొగోళ్లు పోయినారు, తర్వాత ఆడోళ్లు, ఆపైన పిల్లోళ్లు. నేనా, బీయే చదివి గుడియాత్తంలో ఉద్యోగం. అప్పట్లో బస్సు చార్జీ పోను మిగిలిన చిల్లరతో టీ, మసాలా వడ కూడా... ఆఁ, ఏం చెప్తా ఉన్నా? ముగ్గులు.

ఒకనాడు మిట్టమధ్యాన్నం ఊరికి పోయినా. వీధంతా, ప్రతి వాకిట్లో ముగ్గు! అందురూ తిరిగొచ్చేసినారే అని ఎంత సంతోషమో. మొదటింటి ముందర నిలబడి "రామప్పా!" అని పిలిచినా. పలకలా. దగ్గరికి పోతే తాళం. తుప్పు పట్టిన తాళం. పక్కిల్లూ అంతే. పొయ్యి పొగ లేదు, దగ్గు లేదు, కోడి కూత లేదు. ముగ్గులు మాత్రం తెల్లగా.

వీధి చివర మా మేనత్త వంగి ముగ్గేస్తా ఉండాది. ఊర్లో ఆమె ఒక్కటే మిగిలుండె.

"ఎవురికత్తా ఇవన్నీ?"

"కాలేజీ చదివినోడివి, ఇది తెలీదా? ముగ్గు లేకుంటే ఆ ఇంట్లో చావు అనుకోరా? అందురూ బతికే ఉండారు కదరా, బెంగుళూరులో!"

ఆమెకి చూపు మందగించింది. బావి కాడ పడితే లేపే దిక్కు లేదు. ఏడుస్తా ఉన్నా వినకుండా బస్సెక్కించినా. కిటికీలోంచి వెనక్కి చూసి మెల్లగా అనింది: "రేపు తెల్లారితే వీధంతా చచ్చిపోతారప్పా."

గుడియాత్తంలో మా వాకిట్లోనే అన్నీ వేసేది. ఇది రామప్పది, ఇది మంగమ్మది అని. "కాలు పెట్టే చోటు లేదే!" అని మా ఇంటామె నవ్వేది. అత్త పోయిన రోజు మేం ముగ్గు వేయలా.

కర్మలయినాక, ఆమె ఇల్లు చూసొద్దామని పోయినా. వీధంతా బోసి వాకిళ్లు. ఆమె వాకిట్లో మాత్రం ముగ్గు. కళ్లాపి తడి కూడా ఆరలా. ఎవురేసినారని అడుగుదామంటే... అడిగేకి ఎవురుండారు?

సరే నాయనా, లెయ్. పోతానని అనొద్దు, వస్తానను. చల్లగా ఉండు. నువ్వు యాడుండినా నీ వాకిట్లో ముగ్గు... ఎవురో ఒకరు వేస్తానే ఉంటారు.